పెన్సిలక్క సాఫ్ట్‌వేర్ బేరం

పెన్సిలక్క చెయ్యి పడని మొహం ఆ ఊళ్ళో లేదు. చెయ్యి పడడమంటే చెంపదెబ్బ అనుకునేరు, అది కాదు. ఆవిడ ఫోటో స్టూడియోలో నెగెటివులు దిద్దేది. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఎనిమిదేళ్ళు. స్టూడియో వెనక గదిలో కిటికీ పక్కన ఏటవాలు బల్ల, బల్ల మధ్యలో అద్దం, అద్దం మీద నెగెటివు, చేతిలో సూది సిగ్గుపడేంత సన్నగా చెక్కిన పెన్సిలు. నెగెటివులో మొహం తలకిందుల వ్యవహారం కదా, నల్లజుట్టు తెల్లగా ఉంటుంది, తెల్లపళ్ళు నల్లగా ఉంటాయి, ముడత వెలుగు గీతలా మెరుస్తుంది. ఆ వెలుగు మీద పెన్సిలుతో చుక్క చుక్కగా నింపుకుంటూ పోతే, కాగితం మీద ఫోటో పడేసరికి ముడత ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

ఆవిడ పనితనం గురించి చెప్పుకునేవన్నీ నిజాలే, ఓ వీసమెత్తు అటూ ఇటూగా. ఒకాయన సరిగ్గా ఫోటో తీసే సమయానికి ఎడమ కన్ను మూశాడు. పెన్సిలక్క నెగెటివు మీద ఆ కన్ను తెరిపించింది. అంతే, ఆ తర్వాత మూడు రోజులు ఆయనకి ఆ కన్ను మూతపడలేదట. నాలుగో రోజు పరుగెత్తుకొచ్చి, "అక్కా, నీ పుణ్యముంటుంది, కాస్త మూసిపెట్టు" అని బతిమాలాడట. ఇంకొకావిడ ముక్కు మీద పులిపిరి ఫోటోలో తీసేస్తే, అసలు ముక్కు మీదున్న పులిపిరి అవమానం పట్టలేక అదే వారంలో రాలిపోయిందట.

ఇన్నేళ్ళు నెగెటివులు చూసి చూసి ఆవిడకి మామూలు మనుషులు ఆనవాలు చిక్కడం మానేశారు. బజార్లో సొంత మొగుడు ఎదురొచ్చినా ముందు కళ్ళు సగం మూసి, మనసులో ఆయన్ని నలుపూ తెలుపూ తిప్పేసి చూసుకుని, అప్పుడు "ఓహో, మీరా!" అనేది.

అలాంటి పెన్సిలక్క కడుపులో నిప్పు రాజేసిన మనిషి ఎవరో కాదు, తోడికోడలు. మరిది పెళ్ళాం. ఒకటే ఇల్లు, కింద వాటా పెన్సిలక్కది, మేడ మీద వాటా ఆ పిల్లది. పదేళ్ళు చిన్నది. చేతిలో ఫోను లేకుండా ఆ పిల్లని చూసినవాళ్ళు లేరు. పోయినేడు ఎవరో చుట్టాలమ్మాయి ఫోటోలో మొటిమల్ని వేలితో అలా తుడిచేసింది. ఆ కబురు కాళ్ళొచ్చి ఊరంతా తిరిగింది. అప్పట్నుంచి జనానికి మేడమెట్లు ఎక్కడమే పని.

"వదినా, నా గడ్డం కింద ఈ సంచి తీసెయ్యవూ?"

"పిన్నీ, వెనకాల ఆ చెత్తకుండీ తీసేసి కొండలు పెట్టవూ?"

కింద వంటింట్లో గిన్నెలు తోముతూ పెన్సిలక్క ఆ అడుగుల చప్పుడు వినేది. మొత్తం పదకొండు మెట్లు. పదకొండూ ఆవిడ గుండె మీద నుంచే వెళ్తున్నట్టుండేది. ఒకరోజు కోపం కొద్దీ గిన్నె ఎంత తోమిందంటే అడుగు అరిగి అవతలి గోడ కనబడింది.

అయినా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఏమిటంటే, ఒక ఆదివారం మొగుడి ఫోన్లో ఓ మొహం కనబడింది. నున్నగా, ఉడకబెట్టి పెంకు తీసిన కోడిగుడ్డులా ఉంది. ఆయన తాళాలు బాగుచేసే మనిషి, ఎండలో బండి దగ్గర కూర్చుని కూర్చుని మొహమంతా గీతలే.

"ఎవరీ కుర్రాడు?"

"నేనేనే."

"ఎవరు చేశారు?"

ఆయన తల దించుకుని, వేలు ఇంటి కప్పు వైపు చూపించాడు.

"ఊరి ముడతలన్నీ దిద్దిన దాన్ని ఇంట్లో పెట్టుకుని పైకెళ్ళారా?"

"నువ్వెప్పుడూ నాకు దిద్దలేదుగా?"

"మీరెప్పుడైనా మా స్టూడియోలో ఫోటో దిగారా?"

"పెళ్ళికి దిగాంగా."

"అప్పుడు మీకు ముడతల్లేవు!"

ఆయన నిజం ఒప్పుకుని తాళాల పెట్టె పట్టుకుని బయటికి జారుకున్నాడు. పెన్సిలక్క ఆ ఫోటో ఇంకోసారి చూసింది. కళ్ళు సగం మూసి చూసింది. ఎలా చూసినా అందులో మొగుడు దొరకలేదు.

పుండు మీద ఉప్పు చల్లడానికి అన్నట్టు, మర్నాడు స్టూడియో పెద్దాయన ఆవిణ్ణి పిలిచాడు.

"పెన్సిలమ్మా, ఫిల్ము ఆఖరి పెట్టె అయిపోయింది. ఇక పంపలేమన్నారు కంపెనీవాళ్ళు. కెమెరా మార్చేశాను. ఇదిగో, పాత కంప్యూటరు ఒకటి తెచ్చి నీ బల్ల మీద పెట్టించాను. దిద్దే సాఫ్ట్‌వేరేదో నువ్వే చూసి చెప్పు. ఖరీదైనది మాత్రం నావల్ల కాదు, ముందే చెప్తున్నా."

"నాకు కంప్యూటరు ముట్టుకోవడం కూడా రాదు అన్నగారూ."

"నేర్చుకో. ఇంకో మాట." పెద్దాయన సంకోచిస్తూనే జేబులోంచి ఫోను తీసి తన ఫోటో చూపించాడు. మళ్ళీ కోడిగుడ్డు. "మీ తోడికోడలు మొన్న వచ్చి చేసిపెట్టింది. చూడు, మా అబ్బాయికి తమ్ముణ్ణి అనుకోరూ? ఆ పిల్ల ఈ పని అడుగుతోందమ్మా. ఉన్నది ఒకటే కుర్చీ. నేనిద్దరికి జీతం ఇవ్వలేను."

పెన్సిలక్కకి చెవుల్లోంచి పొగ వచ్చింది. నిజంగానే వచ్చిందంటారు, గదిలో ఉన్న పొగ పట్టే యంత్రం ఓసారి కూసిందంటారు.

"మరి నన్ను పొమ్మంటారా?"

"అలా అనలేదు. బడి హెడ్మిస్ట్రెస్ గారు రిటైరవుతున్నారు. ఆవిడ ఫోటో పెద్దది చేసి ఆఫీసు గదిలో కడతారట. ఇద్దరికీ అదే ఫోటో ఇస్తాను. శనివారం పొద్దున మేడమ్ వచ్చి ఎవరిది ఒప్పుకుంటే కుర్చీ వాళ్ళది."

ఇరవై ఎనిమిదేళ్ళ కుర్చీ. దాని ఎడమ చేతి మీద ఆవిడ మోచేయి ఆనించి ఆనించి గుంట పడింది. ఆ గుంటలో తోడికోడలి మోచేయి! తల్చుకుంటేనే పెన్సిలక్కకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

మర్నాడు తెరవగానే కంప్యూటర్ షాపుకెళ్ళింది. షాపతను ఓపికగల మనిషి. అంత ఓపిక లేకపోతే ఆ రోజుతో షాపు మూసేసేవాడు.

"తమ్ముడూ, ఫోటోలు దిద్దేది కావాలి. చవగ్గా ఉండాలి, నాకు రావాలి, మా తోడికోడలి దగ్గర ఉండకూడదు."

"మూడోది కష్టం అక్కా. ముందు ఇది చూడండి. పెద్ద పెద్ద స్టూడియోల వాళ్ళంతా ఇదే వాడతారు." తెర నిండా బొమ్మలూ గీతలూ, ఒక్కో బొమ్మ కింద ఇంకో పది బొమ్మలు.

"ఎంత?"

"ఇది కొనేది కాదక్కా, నెలనెలా కట్టాలి."

"అద్దెకా? పెన్సిలు అద్దెకి తీసుకున్న వాళ్ళని నేను చూళ్ళేదు. కట్టకపోతే?"

"తెరుచుకోదు."

"ఇంటివాడు తాళం వేసినట్టా? మా ఆయన తీస్తాడులే."

"ఆ తాళం కాదక్కా."

రెండోది ఉచితం అన్నాడు. పెన్సిలక్క మొహం వికసించింది. దాంట్లో ఓ ఫోటో దిద్ది దాచబోతే, మొహానికి అడ్డంగా కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో పడింది.

"ఇదేంటి, నుదుటి మీద బోర్డు?"

"డబ్బు కడితే పోతుందక్కా."

"అంటే మొహం ఉచితం, మొహం మీద అక్షరాలు తీసినందుకు డబ్బులా? భలే వ్యాపారం. ఇంకోటి చూపించు."

మూడోది ఒక్క నొక్కుతో మొత్తం చేసేస్తుంది. షాపతను నొక్కాడు. తెర మీదున్న ముసలాయన ఫోటో క్షణంలో కోడిగుడ్డయింది. "చూశారా, ఎంత తేలికో!"

"ఇదే, ఇదే మా తోడికోడలి చేతిలో ఉంది. తీసెయ్, తీసెయ్. మనిషిని తోమి పెట్టడం కాదు నాకు కావల్సింది." అప్పుడు అసలు సంగతి అడిగింది. "తమ్ముడూ, వీటిల్లో మనిషిని తిరగెయ్యొచ్చా?"

"అంటే?"

"జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా. నెగెటివులా. నాకు అలా అయితేనే మొహం కనబడుతుంది. ఇలా మామూలుగా చూపిస్తే ఏ ముడత ఎక్కడ మొదలైందో నాకు అంతుపట్టదు."

షాపతను ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో రంగులు బాగుండాలన్నవాళ్ళని చూశాడు, వేగంగా ఉండాలన్నవాళ్ళని చూశాడు. ఫోటోని నెగెటివు చెయ్యాలన్న మనిషి మాత్రం ఈవిడే. చివరికి ఏదో మూల నుంచి ఒకటి తెరిచాడు. చూడ్డానికి బూడిద రంగు, బొమ్మలు చిన్నవి, హంగూ ఆర్భాటం ఏమీ లేదు. "ఇదెవరూ అడగరక్కా. ఒక్కసారి కడితే చాలు, అదీ ఓ జత చెప్పుల ఖరీదు. తిరగెయ్యడం, ఇదిగో, ఒక్క నొక్కు."

నొక్కాడు. ముసలాయన రంగేసిన జుట్టు భగ్గున తెల్లబడింది, కళ్ళు దీపాల్లా వెలిగాయి. ముడతలన్నీ వెలుగు గీతలై నుదుటి మీద బారులు తీరాయి.

"అదుగో! వచ్చాడు!" పెన్సిలక్క కేక వేసింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నాడు. ఇంకోటి తమ్ముడూ, అటుదిటు కూడా తిప్పాలి. మేం ఫిల్ము గరుకు వైపు దిద్దుతాం. గరుకు వైపు నుంచి చూస్తే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. నా చేతికి అదే అలవాటు."

"అదీ ఉందక్కా. ఇది నొక్కితే అటుదిటు. మళ్ళీ నొక్కితే మామూలు."

"మూట కట్టు."

"ఇది మూట కట్టేది కాదక్కా."

ఇక ఆ మూడు రోజులు పెన్సిలక్క పడ్డ పాట్లు రాస్తే ఓ పుస్తకం. మొదటి పూటంతా మౌసుని పెన్సిలు పట్టినట్టు పట్టి గాల్లోకి ఎత్తింది. తెర మీద బాణం కదలదు. కదలకపోతే ఇంకా పైకెత్తింది. పెద్దాయన వచ్చి, "అమ్మా, దాన్ని బల్ల మీద ఆనించాలి" అంటే, "ఇంతసేపూ చెప్పరేం, భుజం పడిపోతోంది" అంది. రెండో రోజుకి దారిలో పడింది. ముడత మీద గీత లాగితే మచ్చలా అవుతోందని తెలుసుకుని, నొక్కీ నొక్కనట్టు చుక్కలు వెయ్యడం మొదలుపెట్టింది. చుక్క, చుక్క, చుక్క. అదే పాత పనే. చెయ్యి నవ్వింది.

సాయంత్రాలు ఇంటికి రాగానే తోడికోడలు మెట్లు దిగి వచ్చేది.

"అక్కా, ఏం తీసుకున్నావ్? యాపేనా?"

"ఏదోలే, గుడ్డిది."

"పేరు చెప్పొచ్చుగా?"

"పేరు పలకడం నాకు రాదు."

"నీ కళ్ళేంటక్కా అలా ఎర్రబడ్డాయి? నాది రెండు నిమిషాల్లో అయిపోయింది తెలుసా."

"అంత తొందరగా అయితే మిగతా రోజులు ఏం చేస్తున్నావ్?"

"నీకోసం ఎదురుచూస్తున్నా." అని నవ్వుతూ మెట్లెక్కి పోయింది. ఆ నవ్వుకి పెన్సిలక్క ఆ పూట భోజనం చెయ్యలేదు. చేసినా రుచి తెలిసేది కాదు.

శుక్రవారం సాయంకాలం స్టూడియో మూసే వేళ దాకా దిద్దింది. హెడ్మిస్ట్రెస్ గారి కనుబొమల మధ్య నిలువుగా ఒక లోతైన గీత ఉంది. దాన్ని మాత్రం కొంచెం తగ్గించి వదిలేసింది. బుజ్జగించాలి తప్ప చంపకూడదని ఆవిడ లెక్క. పెద్దాయన తాళాలు గలగలలాడిస్తున్నాడు. "అయిందా అమ్మా? అయిందా?" పెన్సిలక్క గబగబా నెగెటివుని మామూలు చేసింది, ప్రింటు తీసింది, తిరిగి ఓ చూపు కూడా చూడకుండా గుడ్డ కప్పేసింది. తోడికోడలి కంటపడుతుందన్న భయం ఆవిడది.

శనివారం పొద్దున స్టూడియో ముందు గదిలో గుడ్డలు కప్పిన రెండు ఫోటోలు. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చారు. వెనకాల ఆవిడ భర్త, లెక్కల మాస్టారు. ఆయన ఇంట్లో మాట్లాడింది కూడా ఎవరూ వినలేదట, "ఊ" తప్ప. ఓ పక్కన తోడికోడలు కొత్త బట్టలేసుకుని, ఓ పక్కన పెన్సిలక్క అరచేతులు తుడుచుకుంటూ.

పెద్దాయన మొదటి గుడ్డ తీశాడు. తోడికోడలి పని. చర్మం పాలరాయిలా ఉంది. కళ్ళు పెద్దవయ్యాయి, గడ్డం చిన్నదయింది.

హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎవరీ అమ్మాయి? ఎనిమిదో తరగతిలో చేర్చుకోవాలా?"

"మీరే మేడమ్" అంది తోడికోడలు.

"నేనా? నేను ఎనిమిదో తరగతిలో కూడా ఇలా లేను. ఏమండీ?"

"ఊ" అన్నారు మాస్టారు.

పెన్సిలక్క లోపల డప్పులు మోగాయి. పెద్దాయన రెండో గుడ్డ తీశాడు.

హెడ్మిస్ట్రెస్ గారు ఒకడుగు ముందుకి వేశారు. ఇంకో అడుగు వేశారు. ఫోటోలోని మొహం కూడా ముందుకి వంగిందని పెద్దాయన తర్వాత ప్రమాణం చేసి చెప్పాడు. "ఇది నేను" అన్నారు ఆవిడ నెమ్మదిగా. "రోజూ పొద్దున్నే నాకు కనబడే మనిషి. కనుబొమల మధ్య గీత కూడా ఉంచావే అమ్మా! ఆ ఒక్క గీతతోనే బడి నడిపాను నేను."

పెన్సిలక్క గాల్లో ఓ జానెడు లేచింది. కాళ్ళు నేలకి ఆననేలేదు, తోడికోడలి గొంతు వినబడింది.

"మేడమ్, ఒక్క నిమిషం. మీ పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద కదా? ఫోటోలో కుడి బుగ్గ మీదుంది. పాపిడి కూడా అటు మారింది. మొత్తం ఫోటోయే తిరగబడింది."

పెన్సిలక్క దిగింది. దబ్బున దిగింది. నిజమే. నెగెటివుని మామూలు చేసింది కానీ, అటుదిటు తిప్పింది మళ్ళీ తిప్పలేదు. గరుకు వైపు వదిలేసింది! ఇరవై ఎనిమిదేళ్ళూ ఆ తిప్పడం ఆవిడ పని కాదు, ప్రింటు వేసేవాడి పని. ఫిల్ముని ఎటు పెట్టాలో అతనే చూసుకునేవాడు. ఆ పిల్ల కన్ను పాడుగాను, ఎంత పదును! తప్పు దొరికినందుకంటే, అది ముందు ఆ కంటికి దొరికినందుకు పెన్సిలక్కకి ఏడుపొచ్చింది.

పెద్దాయన మొహం మాడింది. "ఏంటమ్మా ఇది? ఇన్నేళ్ళ చెయ్యి ఇదేనా?"

"పొరపాటైంది అన్నగారూ." అప్పటికే వెనక గది వైపు ఓ అడుగేసింది. "ఒక్క నొక్కు. ఇప్పుడే సరిచేసి తెస్తాను."

వెనక గదిలోకి వెళ్ళి నొక్కింది. మచ్చ దాని చోటికి అది వచ్చింది. ప్రింటు తీసి తెచ్చి తిరగబడ్డదాని పక్కన పెట్టింది. తోడికోడలు చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉంది, కుర్చీలో కూర్చున్నట్టే ఉంది ఆ నిలబడ్డం.

హెడ్మిస్ట్రెస్ గారు కొత్త ప్రింటు చూశారు. మొహం కందగడ్డలా అయింది.

"ఇదెక్కడ దొరికింది మీకు?"

"మీదే మేడమ్, సరిగ్గా తిప్పాను."

"నాది కాదు. ఇది మా అక్క!" ఆవిడ మాస్టారి వైపు తిరిగారు. "చూడండి, అచ్చం మా అక్క మొహమే! ఆ మూతి వంపు చూడండి! చిన్నప్పట్నుంచీ ఏ ఫోటో దిగినా ఆవిడదే బాగుందనేవాళ్ళు. ఎవరింటికెళ్ళినా ముందు ఆవిణ్ణే ముద్దు చేసేవాళ్ళు. నా రిటైర్మెంటు ఫోటోలో కూడా ఆవిడే వచ్చి కూర్చోవాలా? నా బళ్ళో గోడెక్కాలా?"

"ఊ" అన్నారు మాస్టారు.

"ఊ ఏంటి? మీరు కూడా పెళ్ళిచూపుల్లో ముందు ఆవిణ్ణే చూశారుగా!"

మాస్టారు ఈసారి ఊ కూడా అనలేదు.

పెద్దాయన మెల్లగా నచ్చచెప్పబోయాడు. "మేడమ్, మనిషి అద్దంలో తనని తను తిరగేసి చూసుకుంటాడు. లోకానికి కనబడేది ఇదే. బళ్ళో అందరూ మిమ్మల్ని ఈ మొహంతోనే చూశారు. తిరగబడ్డది కడితే గుర్తుపట్టరేమో."

"బళ్ళో నన్ను మొహం చూసి ఎవరు గుర్తుపట్టారండీ? చెప్పుల చప్పుడు వినగానే అందరూ తలలు దించేవాళ్ళు. నాకు ఆ తిరగబడ్డదే కావాలి. మచ్చ అటుంటే అటే ఉండనివ్వండి. ఇది మాత్రం ఇక్కడే చింపెయ్యండి, మా అక్క కంటపడితే ఫ్రేము కట్టించుకుంటుంది."

అలా తిరగబడ్డ హెడ్మిస్ట్రెస్ గారు బడి ఆఫీసు గోడెక్కారు. కుర్చీ పెన్సిలక్కదైంది.

ఇంటికి ఒకటే దారి కాబట్టి తోడికోడళ్ళిద్దరూ కలిసే నడవాల్సి వచ్చింది. పెన్సిలక్క ముందు నడుస్తోంది, మెడ నిటారుగా. ఎన్ని నెలల తర్వాతో కడుపు చల్లగా ఉంది. దాచుకోవాలని కూడా అనిపించలేదు ఆవిడకి. ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ పలకరించింది, సగం మందెవరో తెలియకపోయినా.

మలుపు దగ్గర తోడికోడలు అంది, "నవ్వుకో అక్కా, నవ్వుకో. నేనంటే నీకు కుళ్ళు, నాకు తెలుసు."

"ఉంది. లేదన్నానా?"

"నాకూ ఉంది నువ్వంటే."

పెన్సిలక్క ఆగిపోయింది. "నీకా? దేనికే? ఊరంతా నీ మెట్లెక్కుతుంటే?"

"అదే మరి! మెట్లెక్కుతూనే ఉంటారు. వంట చేస్తుంటే వస్తారు, తల దువ్వుకుంటుంటే వస్తారు. ఫోను ఎప్పుడూ చేతిలోనే ఉంటుందిగా, పని అని ఎవరనుకుంటారు? మీ మరిది కూడా 'ఆ ఫోను పక్కన పెట్టి ఇటు రా' అంటాడు. నువ్వు పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతావు. ఆ గదిలో కూర్చుంటే నిన్నెవరూ పిలవరు. బావగారు కూడా, 'ఆవిడ పనిలో ఉంది' అంటారు. ఆ మాట నా గురించి ఎవరూ అనలేదక్కా. దానికోసమే అడిగా ఆ కుర్చీ."

పెన్సిలక్క కళ్ళు సగం మూసి ఆ పిల్లని చూసింది. నలుపూ తెలుపూ తిప్పి చూసింది. ఇన్నేళ్ళూ ఆ మొహంలో ఒక్క గీత కూడా లేదని మండిపడింది. ఇప్పుడు చూస్తే కళ్ళ కింద రెండు సన్నటి గీతలు, వెలుగుతూ.

కుర్చీ ఇచ్చేస్తానని అనుకుంటారేమో. ఛ! అలాంటి ఆలోచన ఆవిడ గుమ్మం కూడా తొక్కలేదు.

"ఆ సాఫ్ట్‌వేరు పేరు చెప్తే ఏం లాభం?" అంది చివరికి. "ఫోన్లో రాదు. కంప్యూటర్లోనే వస్తుంది. కంప్యూటరు నా బల్ల మీదుంది."

"అయితే?"

"మధ్యాహ్నం నేను భోజనానికి లేస్తాను. అరగంట. వచ్చి కూర్చో. పెద్దాయన అడిగితే ఆఖర్న ఫోటో తిరగబడిందేమో చూసి పెట్టడానికని చెప్తాలే, నీ కన్ను అలాంటిది, ఏం చేస్తాం. చెవుల దగ్గర మొదలుపెట్టు. నేను చెప్పేదాకా మొహాల మీద చెయ్యెయ్యకు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, పనిలో ఉందని నేనే చెప్తా."

"నిజంగానా అక్కా?"

"అరగంటే! ముప్పై ఒకటో నిమిషం లేదు."

సోమవారం మధ్యాహ్నం తోడికోడలు వచ్చింది. పెన్సిలక్క లేచి, కుర్చీ తుడిచి, ఆ పిల్లని కూర్చోబెట్టి, భోజనం డబ్బా, ఆ పిల్ల ఫోనూ తీసుకుని బయట మెట్ల మీదికెళ్ళింది. మరిది ఫోను చేస్తే ఆవిడే ఎత్తి, "పనిలో ఉంది, తర్వాత చెయ్యి" అని పెట్టేసింది. మాట తప్పలేదు. కానీ లోపల్నుంచి మౌసు చప్పుడు వినబడుతూనే ఉంది. చుక్క, చుక్క, చుక్క. మొదటి రోజే! ఆవిడకి రెండు రోజులు పట్టిన పని, దానికి మొదటి రోజే చేతికొచ్చేసింది. ముద్ద నోట్లో ఉందో గొంతులో ఉందో తెలీలేదు పెన్సిలక్కకి. జీవితంలో ఎప్పుడూ అరగంటకి తక్కువ భోజనం చెయ్యని మనిషి, ఏడంటే ఏడు నిమిషాల్లో డబ్బా ఊడ్చేసి, చెయ్యి కడుక్కోకుండానే లోపలికొచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"లే లే, అయిపోయింది. నేను తినేశాను."